పూచీ లేనివాళ్ల జైలు

2021 జూన్‌లో వరంగల్ సెంట్రల్ జైలును ఖాళీ చేసి కూల్చేశారు. 1880ల మధ్యలో నిజాం సర్కారు కట్టించిన ఆ జైలు స్థలంలో బహుళ అంతస్తుల ఆసుపత్రి కట్టాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. లోపలున్న తొమ్మిది వందల మందికి పైగా ఖైదీలను చర్లపల్లి, చంచల్‌గూడ, ఖమ్మం వంటి చోట్లకు తరలించారు. ఎంతో మంది ప్రసిద్ధులను చూసిన గోడలు పోతున్నాయని బాధపడ్డవాళ్లున్నారు, ఉత్తర తెలంగాణకు పెద్దాసుపత్రి వస్తోందని సంతోషించినవాళ్లున్నారు. ఆ రెండూ న్యాయమైన స్పందనలే. అయితే నూటముప్పై ఏళ్లకు పైగా ఆ జైలు చేసిన పనిలో ఒక పెద్ద భాగం ఎవరి చర్చలోకీ రాలేదు. శిక్ష పడినవాళ్లతో పాటు, ఇంకా ఏ తీర్పూ రానివాళ్లను కూడా అది నెలల తరబడి, ఏళ్ల తరబడి దాచిపెట్టింది. వరంగల్‌లో పాలకులు మారారు, చట్టాలు మారాయి, కోర్టు భాష ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారింది. తీర్పుకు ముందే మనిషిని లోపల ఉంచే కారణాలు మాత్రం పెద్దగా మారలేదు. అతని తరఫున నిలబడే ఆస్తిపరుడు లేకపోవడం ఒకటి, విచారణ ఎప్పటికీ మొదలు కాకపోవడం రెండోది. నేరం ఎంత ఘోరమైనది, మనిషి ఎంత ప్రమాదకరమైనవాడు అన్న ప్రశ్నలు చాలా కేసుల్లో ఈ రెండింటి తర్వాతే వస్తాయి. ఈ ఊరి చరిత్ర చూసినవాళ్లకు ఆ సంగతి తెలుస్తుంది, బెయిల్ సంస్కరణ ఎక్కడ మొదలు కావాలో కూడా తెలుస్తుంది.

పూచీ అన్న ఏర్పాటు ఇంగ్లీషు వాళ్లతో వచ్చింది కాదు. కాకతీయులు సామంతులుగా ఉన్న కల్యాణి చాళుక్యుల కొలువులో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర వ్యాఖ్య రాశాడు. 13వ శతాబ్దంలో కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయంగా తెనిగించాడు. ఆ సంప్రదాయంలో పూచీపడే మనిషిని ప్రతిభువు అన్నారు. మనిషిని సభకు హాజరుపరుస్తానని నిలబడేవాడు, అతను నమ్మదగినవాడని చెప్పేవాడు, అతను చెల్లించకపోతే తాను చెల్లిస్తాననేవాడు అని మూడు రకాల ప్రతిభువులను గుర్తించారు. హాజరుపరిచే బాధ్యతను, సొమ్ము కట్టే బాధ్యతను వేరువేరుగా చూడటం ఇక్కడ గమనించాలి. వ్యాజ్యంలో ఉన్నవాడికి ప్రతిభువు దొరకకపోతే అతన్ని కాపలాలో ఉంచాలని, ఆ కాపలావాడి కూలి అతనే రోజు చివర ఇచ్చుకోవాలని కాత్యాయనుడు విధించాడు. అంటే తరఫున నిలబడే మనిషి లేనివాడు స్వేచ్ఛతో పాటు డబ్బూ పోగొట్టుకోవాలి. ఆ స్మృతులు ఓరుగల్లు వీధుల్లో ఎంతవరకు అమలయ్యాయో తేల్చడం కష్టం. శాసనాలు ఎక్కువగా దానాలు, చెరువులు, పన్నుల గురించే మాట్లాడతాయి. కానీ పూచీ దొరకనివాడిని కట్టడి చేయాలన్న ఆలోచన ఈ నేలకు పాతదే. అందులో బీదవాడి మీద పడే అదనపు భారం కూడా అంతే పాతది.

మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో, 1860ల నుంచి, జిల్లాలు, తాలూకాలు, సుబాలు ఏర్పడి పాలన ఒక పద్ధతిలోకి వచ్చింది. వరంగల్ ఒక సుబాకు కేంద్రమైంది. పక్కనే ఉన్న హనుమకొండలో సుబేదారు బంగ్లాకు 1886 ఆగస్టులో పునాది వేశారు. జైలు కూడా ఇంచుమించు ఆ సంవత్సరాలదే. సుబేదారి, అదాలత్ అన్న పేర్లు నేటికీ హనుమకొండలో నిలిచి ఉన్నాయి. హైదరాబాద్ సంస్థానం 1921లోనే న్యాయశాఖను పరిపాలన నుంచి వేరు చేసింది. బ్రిటిష్ ఇండియాలో కలెక్టరే మేజిస్ట్రేటు అధికారాలు చెలాయిస్తున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు, దానికి దక్కాల్సిన గౌరవం దక్కాలి. అయితే సంస్థానంలో భూమి జాగీర్దార్ల, దేశ్‌ముఖుల చేతుల్లో ఉంది. పల్లెల్లో చాలా తగువులు అదాలత్ దాకా రాకుండా దొర గడీలోనే ముగిసేవి. గడీలో నిర్బంధించినవాడికి రిమాండ్ కాగితం లేదు, వాయిదా లేదు. ఒకవేళ మనిషి కోర్టుకే చేరితే, జామీను ఇవ్వగల ఆస్తి ఉన్నవాడు ఊళ్లో ఎవరు? దొర, పటేలు, పట్వారీ. కౌలుదారుకో వెట్టిమనిషికో వాళ్లతోనే తగాదా. ఎదుటి పక్షమే పూచీ ఇవ్వాల్సిన చోట జామీను హక్కు కాగితం మీద ఎంత బాగున్నా ఉపయోగం లేదు. పూచీని ఆస్తితో ముడిపెడితే, ఆస్తి ఎవరి దగ్గర ఉందో వాళ్ల చేతికే తాళంచెవి ఇచ్చినట్టవుతుంది.

1940లలో ఈ జైలుకు కొత్త రకం ఖైదీలు వచ్చారు. కాళోజీ నారాయణరావు, దాశరథి కృష్ణమాచార్య నిజాం కాలంలో వరంగల్ జైల్లో గడిపినవాళ్లే. దాశరథిని అక్కణ్నుంచి నిజామాబాద్‌కు మార్చారు, అక్కడ వట్టికోట ఆళ్వారుస్వామి తోటి ఖైదీ. ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథల్లో రాజకీయ ఖైదీల వీరగాథ కంటే మామూలు ఖైదీల బతుకు మీద ఎక్కువ దృష్టి పెట్టారు. జైలు చరిత్రను పేరున్నవాళ్ల చరిత్రగానే రాసుకునే మనకు ఆ చూపు ఇప్పటికీ అవసరం. 1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత నిజాం పాలన పోయింది కానీ నిర్బంధం పోలేదు. సైనిక ప్రభుత్వం ప్రత్యేక ట్రిబ్యునళ్లు పెట్టింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్నవాళ్లనూ, ఉన్నారని అనుమానించినవాళ్లనూ పెద్ద సంఖ్యలో జైళ్లలో నింపింది. 1950లో వచ్చిన ప్రివెంటివ్ డిటెన్షన్ చట్టం విచారణ అవసరమే లేని నిర్బంధానికి చట్టబద్ధత ఇచ్చింది. 1951 ఏప్రిల్‌లో బ్రిటిష్ కాలపు 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ హైదరాబాద్ రాష్ట్రానికి వర్తించింది. ఆ కోడ్ ప్రకారం బెయిలబుల్ నేరాల్లో జామీను హక్కు, మిగతావాటిలో కోర్టు విచక్షణ. రాజ్యాంగం వచ్చిన మరుసటి ఏడాదే వరంగల్ మనిషి స్వేచ్ఛకు కొలతగా సామ్రాజ్యం కోసం రాసిన చట్టం వచ్చిందన్నమాట.

ఆలస్యం శిక్షగా ఎలా మారుతుందో 1970లు, 80లు ఈ జిల్లాకు బాగా నేర్పాయి. 1974లో పెట్టిన సికింద్రాబాద్ కుట్ర కేసులో నిందితులు 46 మంది. వాళ్లలో వరంగల్ సి.కె.ఎం. కాలేజీ అధ్యాపకుడు వరవరరావు, కవి చెరబండరాజు ఉన్నారు. ఆ కేసు 15 ఏళ్లు నడిచింది. 1989లో కోర్టు నిందితులను నిర్దోషులని తేల్చింది. ఆ తీర్పు వినడానికి చెరబండరాజు లేరు. నిందితుడన్న ముద్రతోనే 1982లో కన్నుమూశారు. వాళ్ల రాజకీయాలను ఇష్టపడేవాళ్లున్నారు, వ్యతిరేకించేవాళ్లున్నారు. ఇక్కడి ప్రశ్న దానికి సంబంధించినది కాదు. రుజువు కాని ఆరోపణకు ఒక మనిషి జీవితంలోంచి ఎన్నేళ్లు తీసుకోవచ్చన్నది ప్రశ్న. 1985 సెప్టెంబర్ 3న పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు డాక్టర్ రామనాథంను వరంగల్‌లో ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. ఆ ఏడాది చివర వరవరరావు తన బెయిల్‌ను తానే రద్దు చేయించుకుని జైలుకు వెళ్లారు. బయటి కంటే లోపలే ప్రాణానికి భద్రత ఉందని ఒక అధ్యాపకుడు అనుకోవాల్సి వచ్చిన ఊరిది. అదే ఏడాది వచ్చిన టాడా చట్టం బెయిల్‌ను దాదాపు మూసేసింది. నిందితుడు దోషి కాడని నమ్మడానికి కారణాలున్నాయని విచారణకు ముందే కోర్టు సంతృప్తి చెందాలంది. పౌరహక్కుల సంఘంలో పనిచేసిన న్యాయవాది నర్రా ప్రభాకరరెడ్డి 1991 డిసెంబర్ 7న హత్యకు గురయ్యారు. జామీను కోసం నిలబడే మనిషి లేకపోవడం గురించి మాట్లాడుతున్నాం కదా, నిలబడ్డ మనిషికి ఏమైందో కూడా ఈ చరిత్రలో భాగమే.

ఇంత చెప్పినా ఆ కేసుల్లో నిందితులకు పేర్లున్నాయి, వకీళ్లున్నారు, కమిటీలున్నాయి, పత్రికల్లో వార్తలున్నాయి. కోడి దొంగతనం, తాగి గొడవ, సారా కేసు, చిల్లర దొమ్మీ వంటి వాటిలో లోపలికి వెళ్లినవాళ్లకు అవేవీ లేవు. శిక్ష పడిన ఖైదీ జైల్లో పనిచేస్తాడు. వరంగల్ జైల్లో నేసిన తివాచీలకు, జంపఖానాలకు ఒకప్పుడు మంచి పేరుండేది, నేసినవాళ్లకు కొద్దో గొప్పో కూలి దక్కేది. విచారణ ఖైదీని పనిలో పెట్టాలన్న నిబంధన లేదు. కాబట్టి నేరం రుజువైనవాడు ఇంటికి నాలుగు రూపాయలు పంపగలడు, రుజువు కానివాడు పంపలేడు. ఈ మనుషుల గురించి సుప్రీంకోర్టు గట్టిగా మాట్లాడటం 1970ల చివర మొదలైంది, అందులో మొదటి అడుగుల్లో ఒకటి మన హైకోర్టు నుంచి వెళ్లిన కేసే. గుడికంటి నరసింహులు కేసులో సెషన్స్ కోర్టు వదిలేసినవాళ్లకు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు శిక్ష వేసింది. అప్పీలు తేలేలోపు బెయిల్ ఇవ్వాలా అన్న ప్రశ్న 1977 డిసెంబర్‌లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ముందుకొచ్చింది. జడ్జి మనసుకు తోచినట్టు బెయిల్ ఉండకూడదని, స్వేచ్ఛను హరించాలంటే అది ప్రజా ప్రయోజనం అనే తూకానికి నిలవాలని ఆయన వివరించి బెయిల్ ఇచ్చారు. మరుసటి ఏడాది మోతీరామ్ కేసు వచ్చింది. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రీకి 10,000 రూపాయల జామీను అడిగారు. అతని సోదరుడు పూచీ ఇస్తానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు ఒప్పుకోలేదు. 1,000 రూపాయల సొంత బాండు మీద వదలమన్న ఆ తీర్పులో కృష్ణయ్యర్ ఒక ప్రశ్న వేశారు: ఒక తెలుగువాడో మలయాళీయో బస్తర్‌లో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న పూచీదారును ఎక్కణ్నుంచి తెస్తాడు?

ఆ ప్రశ్నను ఇవాళ వరంగల్ వైపు నుంచి వేసుకోవాలి. బస్తర్ నుంచి ఆదివాసీ కూలీలు మిర్చి కోతలకు ములుగు, భూపాలపల్లి వైపు ఏటా వస్తారు. బీహార్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు వరంగల్ చుట్టూ గోనెసంచుల గోదాముల్లో, ఇటుకబట్టీల్లో, కట్టడాల్లో పనిచేస్తున్నారు. వాళ్లలో ఒకరి మీద కేసు పడి, బెయిల్ ఇస్తూ కోర్టు ఇద్దరు షూరిటీలు తెమ్మంటే ఏం జరుగుతుంది? షూరిటీ అంటే ఇంటి పన్ను రశీదో పట్టాదారు పాసుపుస్తకమో ఉన్నవాడు, ఆ కాగితాలకు అధికారుల ధ్రువీకరణ తేగలవాడు, కూలి మానుకుని కోర్టుకు వచ్చి నిలబడేవాడు. మేస్త్రీ రాడు, కాంట్రాక్టరు ఫోనెత్తడు. బెయిల్ వచ్చిన మనిషి లోపలే ఉండిపోతాడు. స్థానికుల్లోనూ భూమి లేని కుటుంబాలది ఇదే స్థితి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివర దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నూటికి 75 మందికి పైనే. ఇంత పెద్ద సంఖ్యలో మనుషులందరూ సమాజానికి ప్రమాదకరమని ఏ కోర్టూ తేల్చలేదు.

షూరిటీ లేకుండా వదిలితే నిందితులు పారిపోతారని పోలీసులూ, కొందరు న్యాయాధికారులూ అంటారు. తేలిగ్గా తీసిపారేయాల్సిన మాట కాదిది. విచారణకు మనిషి రాకపోతే బాధితుడికి న్యాయం ఆగిపోతుంది. కానీ ఆస్తి కాగితమే మనిషిని కోర్టుకు తెస్తుందన్న నమ్మకానికి ఆధారం ఏది? న్యూయార్క్‌లో 1961లో మొదలైన మాన్‌హట్టన్ ప్రయోగంలో, ఊళ్లో ఎన్నాళ్లుగా ఉంటున్నాడు, పనేమిటి, కుటుంబం ఎక్కడుంది అని విచారించి, అర్హులని తేలిన 2,195 మందిని డబ్బు జామీను లేకుండా వదిలారు. కోర్టుకు రానివాళ్లు 15 మంది. బీహార్ జైళ్లలో మగ్గుతున్న విచారణ ఖైదీల గురించి 1979లో వచ్చిన హుస్సేనారా ఖాతూన్ తీర్పులో జస్టిస్ భగవతి ఆ ప్రయోగాన్నే ముందుపెట్టారు. అది పరాయి దేశపు అనుభవం, మన పల్లెలు వేరు అనవచ్చు. నిజమే, వేరు. మన ఊళ్లో మనిషిని గుర్తుపట్టే బంధాలు మాన్‌హట్టన్ కంటే గట్టివి. ఇంటిపేరు, కులం, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, పిల్లల బడి, వీటన్నిటినీ వదిలి పారిపోగలిగేవాడు చాలావరకు డబ్బున్నవాడే. ఇక కోర్టుల చుట్టూ దొంగ షూరిటీల వ్యాపారం ఎలా నడుస్తుందో న్యాయవాదులందరికీ తెలుసు. నకిలీ పన్ను రశీదుతో అద్దెకు వచ్చి నిలబడే మనిషికి నిందితుడి ముఖం కూడా తెలియదు. హాజరు కోసం పెట్టిన నియమం హాజరుకు ఏ భరోసా ఇవ్వకుండా, బీదవాడి చేత మాత్రం అప్పు చేయిస్తోంది.

ఇంకా బరువైన అభ్యంతరం బాధితుల వైపు నుంచి వస్తుంది. ఆడపిల్ల మీద దాడి చేసినవాడు, దళితుణ్ని కొట్టిన దొర కొడుకు మర్నాడే ఊళ్లోకి వచ్చి మీసం మెలేస్తే సాక్ష్యం ఎవరు చెబుతారు? ఈ భయం నిజమైనది, అలాంటి కేసుల్లో నిందితుణ్ని లోపల ఉంచడం తప్పు కాదు. బెయిల్ విచారణలో బాధితుల మాట వినాలని అట్రాసిటీ చట్టంలో 2016 నుంచి అమల్లో ఉన్న సవరణ మంచిది. నా వాదన ఏమిటంటే, లోపల ఉంచాల్సినవాణ్ని ఉంచినప్పుడు విచారణను పరుగెత్తించాలి. అది సాధ్యమని వరంగల్ కోర్టే చూపించింది. 2019 జూన్‌లో హనుమకొండలో పసిపాప మీద జరిగిన దారుణంలో ఆగస్టు 8 కల్లా తీర్పు వచ్చింది. కింది కోర్టు వేసిన ఉరిశిక్షను హైకోర్టు ఆ ఏడాదే యావజ్జీవంగా మార్చింది కూడా. 2020 మేలో గొర్రెకుంటలో వలస కుటుంబం సహా తొమ్మిది మందిని చంపిన కేసులో అక్టోబర్ చివర తీర్పు వచ్చింది. పోలీసులు, ఫోరెన్సిక్ ల్యాబు, ప్రాసిక్యూషన్, కోర్టు కలిసి పనిచేస్తే నెలల్లో ముగుస్తుందని తేలాక, చిన్న కేసుల్లో మనిషిని ఏళ్లపాటు లోపల ఉంచడానికి చెప్పే సాకు ఏదీ మిగలదు. త్వరగా న్యాయం కావాలన్న జనం ఆరాటాన్ని ఇంకో దారి పట్టించిన సందర్భం కూడా ఈ ఊరికి ఉంది. 2008 డిసెంబర్‌లో ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన కేసులో నిందితులు ముగ్గురూ పోలీసుల చేతుల్లో ఉండగానే కాల్పుల్లో చనిపోయారు. బాధితులకు జరిగింది క్షమించరానిది. కానీ ఆ కేసులో విచారణ జరగలేదు, ఇక ఎన్నటికీ జరగదు.

సంస్కరణ ఇప్పటికే జరిగిపోయింది కదా అన్నది మూడో మాట. కాగితం మీద చాలానే జరిగింది. బెయిలబుల్ కేసులో వారం రోజుల్లో షూరిటీ తేలేకపోయినవాణ్ని పేదవాడిగా భావించి సొంత బాండు మీద వదలాలన్న సవరణ, గరిష్ఠ శిక్షలో సగం కాలం గడిపినవాణ్ని వదలాలన్న 436-ఎ సెక్షన్ 2006లో అమల్లోకి వచ్చాయి. 2023 జనవరిలో సుప్రీంకోర్టు, బెయిల్ వచ్చి వారమైనా బయటికి రానివారి సంగతి జైలు అధికారులు న్యాయసేవాధికార సంస్థకు తెలపాలంది. అదే ఏడాది కేంద్రం పేద విచారణ ఖైదీల జామీను కోసం 40,000 రూపాయల దాకా సాయం చేసే పథకం పెట్టింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ గతంలో ఏ నేరంలోనూ శిక్ష పడనివాళ్లను మూడో వంతు కాలానికే వదలమంది. ఇవన్నీ మంచివే. కానీ అదే సెక్షన్‌లో ఒకటి కంటే ఎక్కువ నేరాల్లోనో కేసుల్లోనో విచారణ సాగుతున్నవాణ్ని వదలకూడదని ఉంది. ఒకే గొడవకు నాలుగు సెక్షన్లు రాయడం ఠాణాల్లో మామూలు కాబట్టి, ఆ ఒక్క వాక్యం సంస్కరణను చాలామందికి అందకుండా చేస్తుంది. 20 కిలోలకు మించిన గంజాయి కేసుల్లో మాదకద్రవ్యాల చట్టం 37వ సెక్షన్ టాడా నాటి షరతునే పెడుతుంది. ఆంధ్రా, ఒడిశా సరిహద్దు నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో ఉన్న ఈ జిల్లాలో ఆ కేసుల్లో పట్టుబడేది ఎక్కువగా మూటలు మోసినవాడు, బండి నడిపినవాడు. సరుకు యజమాని అరుదుగా దొరుకుతాడు. ఇక చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) సంగతి వరవరరావు విషయంలోనే చూడవచ్చు. 2018 ఆగస్టులో అరెస్టయిన ఆయనకు 2021 ఫిబ్రవరిలో, 80 ఏళ్లు దాటాక, కోవిడ్ బారిన పడి ఆరోగ్యం క్షీణించాక, వైద్య కారణాల మీద బెయిల్ వచ్చింది. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని స్థిరపరిచే నాటికి కూడా కేసులో అభియోగాలు నమోదు కాలేదు. 1974 కేసులో చూసిన పద్ధతి 2022లోనూ సాగుతున్నప్పుడు, సంస్కరణ పూర్తయిందని ఎలా అనగలం?

జైలు కూల్చాక వరంగల్ విచారణ ఖైదీల కష్టం ఇంకొంత పెరిగింది. చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్లున్న హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు. ములాఖత్‌కు వెళ్లాలంటే ఆ ఇంట్లో ఒకరి కూలి పోవాలి, బస్సు చార్జీలు కావాలి. వకీలుకు కక్షిదారు ముఖాముఖి దొరకడు. ఎస్కార్టు లేక వాయిదా తప్పితే కేసు ఇంకో నెల వెనక్కి పోతుంది. జైలుకు బదులుగా మామునూరు వైపు కొత్తది కట్టాలని అప్పుడే ప్రతిపాదించారు. ఆ కొత్త జైలుకు ఎన్ని బ్యారక్‌లు కావాలన్న లెక్క ఇంజనీర్లు వేస్తారు కానీ, దాన్ని నిజంగా తేల్చేది హనుమకొండ కోర్టుల్లో రోజూ రాసే బెయిల్ ఉత్తర్వులు. భూమి కాగితం అడగకుండా సొంత బాండు మీద వదలడం మామూలు పద్ధతి కావాలి, షూరిటీ కోరితే ఎందుకు కోరుతున్నారో ఉత్తర్వులో రాయాలి. న్యాయసేవాధికార సంస్థ మనిషి జైలుకు వారం వారం వెళ్లి బెయిల్ వచ్చీ కదలనివాళ్ల పేర్లు కోర్టు ముందు పెట్టాలి. 479వ సెక్షన్‌లోని ఎక్కువ కేసుల మినహాయింపును పార్లమెంటు తీసెయ్యాలి. ఈ పనులు ముందు చేసి, ఆ తర్వాత మిగిలిన ఖైదీలను లెక్కబెట్టి ఆ మేరకే మామునూరులో గోడలు లేపాలి.